గుడ్డు లేకుండా, నీరు కారకుండా స్క్వాష్ క్యాసరోల్ చేసే పద్ధతి చెప్పగలరా?

ప్రశ్న: ఆల్ఫారెట్టా_గృహిణి

అందరికీ నమస్కారం. మేము జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకు ఉత్తరాన ఉన్న ఆల్ఫారెట్టాలో ఉంటున్నాము. ఈ ప్రాంతంవాళ్లు పసుపుపచ్చని స్క్వాష్‌తో (గుమ్మడి జాతి లేత కాయతో) చేసుకునే క్యాసరోల్, అంటే డిష్‌లో పరిచి ఓవెన్‌లో కాల్చే వంటకం, మా పిల్లలకు ఎంతో నచ్చింది. స్నేహితుల ఇళ్లలో తిని వచ్చి, మన ఇంట్లో ఎందుకు చేయవని నన్ను అడుగుతున్నారు. మామూలుగా కూరగాయ అంటే మొహం తిప్పుకునే పిల్లలు తమంతట తామే ఒక కూర అడుగుతున్నారు కనుక, నవంబరులో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ విందు వరకు ఆగకుండా, వారానికి ఒకసారైనా రాత్రి భోజనంలో పెట్టాలని నా కోరిక.

వెతికితే వంట విధానాలు కొల్లలుగా దొరుకుతున్నాయి కానీ, ఒకరు స్క్వాష్‌ను ఉడకబెట్టమంటారు, ఇంకొకరు ఉప్పు చల్లి పిండమంటారు, మరొకరు డబ్బాలో వచ్చే మష్రూమ్ సూప్ లేనిదే కుదరదంటారు. ఎందుకు అలా చేయాలో మాత్రం ఎవరూ వివరించడం లేదు. ఇక్కడి హోటళ్లలో కొన్నిచోట్ల ఈ వంటకం కంచంలో వడ్డించగానే అడుగున నీరు చేరుతుంది, కొన్నిచోట్ల చక్కగా ముక్కగా నిలుస్తుంది. ఆ తేడా ఎక్కడ వస్తుందో తెలుసుకోవాలని ఉంది.

మా అత్తగారు, మామగారు మాతోనే ఉంటారు, వారు గుడ్డు ముట్టరు. వారికొకటి, పిల్లలకొకటి విడివిడిగా చేసే తీరిక నాకు ఉండదు. ఉద్యోగం నుంచి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది కాబట్టి, ఎక్కువ హడావిడి లేకుండా అయిపోయే పద్ధతి చెబితే మేలు చేసినవారవుతారు. కారం, మసాలా ఎంతవరకు వేయవచ్చో కూడా చెప్పగలరు.

సమాధానం 1: మేకన్_నివాసి

ఆల్ఫారెట్టా గృహిణి గారికి నమస్కారం. మేము చాలా ఏళ్లుగా జార్జియా నడిమధ్యనున్న మేకన్‌లో ఉంటున్నాము. మా వీధిలోని పెద్దవాళ్ల దగ్గర నేర్చుకున్న పద్ధతినే మీకు వివరంగా రాస్తున్నాను. ఈ దక్షిణాది రాష్ట్రాల్లో ఒక మాంసం వంటకం, మూడు పక్కవంటలు కలిపి వడ్డించే మామూలు భోజనశాలలు ఎన్నో ఉన్నాయి. వాటిలో స్క్వాష్ క్యాసరోల్‌ను బీన్స్, ఆకుకూరల వరుసలోనే, కూరగాయగానే లెక్కపెడతారు. ఆ సంగతి మనసులో పెట్టుకుంటే సగం సందేహాలు తీరిపోతాయి. నోట్లో పెట్టుకోగానే స్క్వాష్ తీపి, ఉల్లిపాయ కమ్మదనం తెలియాలి. చీజ్ ఆ రెండింటినీ పట్టి ఉంచడానికే తప్ప, వాటిని ముంచేయడానికి కాదు.

మీరు అడిగిన నీటి విషయమే అన్నిటికన్నా ముఖ్యం. ఈ కాయలో దాదాపు 95 శాతం నీరే ఉంటుంది. ఆ నీటిని ఓవెన్‌లోకి వెళ్లకముందే వదిలించాలి. ఎందుకంటే చీజ్, సోర్ క్రీమ్ (పుల్లని మీగడ) కలిపి, పైన క్రాకర్ల (ఉప్పు బిస్కెట్ల) పొడి కప్పేశాక లోపలి నీటికి ఆవిరైపోయే దారి ఉండదు, అది అడుగునే నిలిచిపోతుంది. మీరు హోటళ్లలో చూసిన తేడా ఇదే. ఉడకబెట్టే పద్ధతిలో అసలే నీరున్న కాయకు మరింత నీరు పట్టించి, తరువాత దాన్ని పిండవలసి వస్తుంది, పిండిన నీటితో పాటు రుచి కూడా పోతుంది. పచ్చి ముక్కలకు ఉప్పు చల్లి అరగంట ఉంచి పిండడం మంచి పద్ధతే కానీ, పని రోజుల్లో ఆ అరగంట దొరకదు, పైగా ఉప్పు లెక్క తప్పే అవకాశం ఉంది. అందువల్ల వెడల్పాటి మూకుట్లో, మూత పెట్టకుండా మగ్గించడమే నా దృష్టిలో సరైన పద్ధతి.

రెండు పౌండ్ల స్క్వాష్, అంటే సుమారు 900 గ్రాములు తీసుకుని, చెక్కు తీయకుండానే పావు అంగుళం మందాన చక్రాలుగా తరగండి. ఒక మధ్యస్థమైన ఉల్లిపాయను సన్నగా తరిగి, రెండు టేబుల్‌స్పూన్ల వెన్నలో మెత్తబడేదాకా వేయించండి. మన జార్జియాలో పండే విడాలియా ఉల్లిపాయ దొరికే కాలమైతే అదే వాడండి, ఘాటు తక్కువగా ఉండే ఆ ఉల్లి ఈ వంటకు ఎంతో నప్పుతుంది. (రాష్ట్రంలోని నిర్ణీత ప్రాంతంలో పండినదానికి మాత్రమే ఆ పేరు పెట్టాలని 1986లో ఇక్కడ చట్టం కూడా చేశారు.) దొరకనప్పుడు మామూలు పసుపు ఉల్లిపాయ చాలు. ఆ తరువాత స్క్వాష్ ముక్కలు, ముప్పావు టీస్పూను ఉప్పు వేసి, మధ్యస్థం కన్నా కొంచెం ఎక్కువ మంట మీద పెట్టండి. ఉప్పు తగలగానే మన బీరకాయ లాగానే ఇది కూడా నీరు వదులుతుంది. ఆ నీరు కనిపించినప్పుడు కంగారుపడి మూత పెట్టవద్దు, ఆపైన నీళ్లు చల్లవద్దు. పదిహేను నిమిషాలలోపే ముక్కలు పారదర్శకంగా మారి, నీరు ఇగిరిపోవడం మొదలవుతుంది. గరిటెతో మూకుడు అడుగున ఒక గీత గీయండి. గీత తెరిచినచోట నీరు మళ్లీ వచ్చి చేరకుండా, వెన్న తళుకు మాత్రమే కనిపిస్తే మగ్గడం పూర్తయినట్లు. ముక్కలు ఎర్రబడేదాకా మాత్రం వేయించకూడదు. దించిన తరువాత చిల్లుల గిన్నెలో ఒక పది నిమిషాలు వంచి, గరిటె వెనుక వైపుతో మృదువుగా అదమండి, మిగిలిన తడి కూడా దిగిపోతుంది.

ఈలోగా ఒక గిన్నెలో ఒక కప్పు తురిమిన చెడార్ చీజ్, అరకప్పు సోర్ క్రీమ్, మిరియాల పొడి, ఒక గుడ్డు కలిపి ఉంచండి. స్క్వాష్ వేడి తగ్గిన తరువాతే అందులో కలపండి, లేకపోతే గుడ్డు అక్కడక్కడ ఉడికి గడ్డలు కడుతుంది. సంచుల్లో తురిమి అమ్మే చీజ్‌కు అతుక్కోకుండా పిండిపదార్థం పట్టిస్తారు, అది సాఫీగా కరగదు. దిమ్మ కొని మీరే తురుముకుంటే రెండు నిమిషాల పని. మిశ్రమాన్ని వెన్న రాసిన ఎనిమిది అంగుళాల చదరపు బేకింగ్ డిష్‌లో పరిచి, సుమారు ముప్పై రిట్జ్ క్రాకర్లను చేత్తో నలిపి, రెండు టేబుల్‌స్పూన్ల కరిగిన వెన్న పట్టించి పైన చల్లండి. మెత్తని పొడి చేయకండి, శనగబద్దంత పలుకులు మిగిలితేనే పైపొర కరకరలాడుతుంది. 350 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 25 నుంచి 30 నిమిషాలు ఉంచితే అంచుల వెంట బుడగలు వచ్చి, పైభాగం బంగారు రంగుకు తిరుగుతుంది. ఆరుగురికి పక్కవంటగా సరిపోతుంది.

ఇక డబ్బా సూప్ సంగతి. క్యాంప్‌బెల్ సంస్థవారి క్రీమ్ ఆఫ్ మష్రూమ్ సూప్, నబిస్కో సంస్థవారి రిట్జ్ క్రాకర్లు రెండూ 1934లోనే మార్కెట్‌లోకి వచ్చాయి. ఓవెన్‌లో పెట్టే ఇలాంటి వంటలు అమెరికా ఇళ్లలో అంతగా పాతుకుపోవడానికి అటువంటి సిద్ధసరుకుల సౌకర్యం పెద్ద కారణం. సూప్ వేస్తే పని తగ్గేమాట నిజమే కానీ, ఉప్పు బాగా ఎక్కువవుతుంది, స్క్వాష్ రుచి పుట్టగొడుగు వాసన కింద అణిగిపోతుంది. పైగా చాలా విధానాల్లో క్రీమ్ ఆఫ్ చికెన్ సూప్ రాస్తారు. మీ ఇంట్లో శాకాహారులున్నారు కాబట్టి బయట తినేటప్పుడు కూడా ఏ సూప్ వేశారో తప్పక అడగండి.

సమాధానం 2: పెరటితోట_రాలీ

మేకన్ నివాసి గారు వంట గురించి చెప్పవలసినదంతా చెప్పారు. మాది నార్త్ కరోలినాలోని రాలీ. ప్రతి వేసవిలో పెరట్లో స్క్వాష్ పండిస్తాము కనుక, కాయను ఎంచుకోవడం గురించి రెండు మాటలు చేరుస్తాను.

ఈ వంటకు కావలసింది లేత వేసవి స్క్వాష్. అందులో మెడ వంగినది క్రూక్‌నెక్, నిటారుగా ఉండేది స్ట్రెయిట్‌నెక్. దక్షిణాదివారికి క్రూక్‌నెక్ మీద మక్కువ ఎక్కువ, నాకూ దాని రుచే చిక్కగా అనిపిస్తుంది. ఆకుపచ్చ జుకినీతో కూడా ఇలాగే చేయవచ్చు కానీ, తీపి కొంచెం తక్కువ. బటర్‌నట్ వంటి చలికాలపు గుమ్మడి జాతిని దీనికి బదులుగా వాడకండి. దాని గుజ్జు, తీపి వేరు, అది మరో వంటకం అవుతుంది. కాయ ఆరేడు అంగుళాలకు మించకుండా, గోరు గుచ్చితే సులువుగా దిగేటంత లేతగా, చేతికి బరువుగా ఉండాలి. ముదిరిన కాయలో గింజలు పెద్దవై, వాటి చుట్టూ దూదిలాంటి భాగం ఏర్పడుతుంది, నీరంతా అక్కడే ఉంటుంది. అటువంటి కాయ తప్పనిసరైతే చెంచాతో నడిమి భాగం గీరి తీసేసి, మిగతాది తరుక్కోండి.

ఇంకొక ముఖ్యమైన విషయం. తరిగేముందు ప్రతి కాయ చివర నుంచి చిన్న పచ్చి ముక్క నాలుకకు తగిలించి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి, ఆ కాయను పూర్తిగా పారవేయండి. ఇంటిల్లిపాదీ తినే వంటలో దీనిపై రాజీ పడకూడదు. సొరకాయ చేదుగా ఉంటే తినవద్దని మన పెద్దలు చెప్పిన మాట దీనికీ వర్తిస్తుంది, ఎందుకంటే రెండింటిలోనూ చేదుకు కారణం కుకర్బిటాసిన్ అనే పదార్థాలే. చేదు సొరకాయ రసం తాగి మన దేశంలో ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి. వేడికి ఆ విషం విరగదు, చీజ్ వేస్తే తగ్గదు. దుకాణాల్లో కొన్నవాటిలో ఇది చాలా అరుదు కానీ, ఇంట్లో దాచుకున్న విత్తనాలతో పండించేవారు జాగ్రత్తగా ఉండాలి. ఈ స్క్వాష్, జుకినీ, అలంకరణకు పెంచే చిన్న చేదు గుమ్మడికాయలు చాలావరకు ఒకే జాతివి కావడంతో తేనెటీగల వల్ల వాటి మధ్య పరాగసంపర్కం జరుగుతుంది. ఆ ఏడాది కాయ బాగానే ఉంటుంది, దాని గింజలు నాటితే మరుసటి ఏడాది వచ్చే కాయ చేదెక్కవచ్చు.

జూన్, జులై నెలల్లో కాయలు విపరీతంగా వచ్చినప్పుడు మేము ఫ్రీజర్‌లో దాచుకుని, నవంబరు విందుకు వాడుకుంటాము. జార్జియా విశ్వవిద్యాలయంలోని గృహ ఆహార నిల్వ కేంద్రం చెప్పే పద్ధతి ఇదీ: అర అంగుళం మందాన ముక్కలు కోసి, మరుగుతున్న నీటిలో మూడు నిమిషాలు ఉంచి, వెంటనే ఐసు నీటిలో చల్లార్చి, నీరు వంచేసి సంచుల్లో పెట్టుకోవాలి. కరిగాక ముక్క మెత్తబడి నీరు దిగుతుంది కాబట్టి అది వేపుడుకు పనికిరాదు కానీ, క్యాసరోల్‌కు భేషుగ్గా సరిపోతుంది. బాగా పిండి, ఉల్లిపాయతో కాసేపు వేయిస్తే చాలు. సీసాల్లో పెట్టి క్యానింగ్ చేయడాన్ని మాత్రం ఆ కేంద్రం సిఫారసు చేయదు, కాబట్టి పాత పుస్తకాల్లో కనిపించినా ఆ జోలికి పోవద్దు.

సమాధానం 3: శాకాహార_వంట_డాలస్

గుడ్డు లేని పద్ధతి నేను చెబుతాను. మా ఇంట్లో ఎవరూ గుడ్డు తినరు, అయినా ఈ వంటకం మా భోజనాల్లో తరచుగా ఉంటుంది.

ఇందులో గుడ్డు చేసే పని మిశ్రమాన్ని పట్టి ఉంచి, కోస్తే ముక్కగా వచ్చేలా చేయడమే. ఆ పనిని చిక్కని వైట్ సాస్ చక్కగా చేస్తుంది. రెండు టేబుల్‌స్పూన్ల వెన్న కరిగించి, అంతే మైదాపిండి వేసి, సన్నని సెగ మీద పచ్చి వాసన పోయేదాకా రెండు నిమిషాలు వేయించండి, రంగు మారనివ్వకండి. ఆ తరువాత ఒక కప్పు పాలు కొద్దికొద్దిగా పోస్తూ, ఉండలు కట్టకుండా కలుపుతూ ఉంటే ఐదారు నిమిషాల్లో చిక్కబడుతుంది. గరిటె వెనుక భాగానికి అంటుకున్న సాస్ మీద వేలితో గీస్తే ఆ గీత చెరగకుండా నిలవాలి. పొయ్యి ఆపేసి అప్పుడు చీజ్ వేయండి, మంట మీద ఉండగా వేస్తే చీజ్ విరిగి నూనె తేలుతుంది. ఈ పద్ధతిలో సోర్ క్రీమ్ పావుకప్పు చాలు. మిగతాదంతా మేకన్ నివాసి గారు చెప్పినట్లే. కొందరు గుడ్డుకు బదులు శనగపిండి కలపమంటారు కానీ, దాని వాసనే పైకి వచ్చి స్క్వాష్ రుచి వెనకబడుతుంది కనుక నాకు అది సమ్మతం కాదు.

మీ అత్తగారు, మామగారి కోసం సరుకుల విషయంలో కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. చాలా విధానాల్లో మేయొనైజ్ రాస్తారు. మామూలు మేయొనైజ్ గుడ్డుతోనే తయారవుతుంది కనుక దాన్ని పూర్తిగా వదిలేయండి. కొన్ని చీజ్‌లలో పాలు విరగడానికి దూడల పొట్ట నుంచి తీసిన రెనెట్ వాడతారు. డబ్బా మీద శాకాహార రెనెట్ అనో, మైక్రోబియల్ ఎంజైములు అనో రాసి ఉన్నది ఎంచుకోండి. కొన్ని రకాల సోర్ క్రీమ్‌లలో చిక్కదనానికి జంతువుల నుంచి తీసే జెలటిన్ కలుపుతారు, కాబట్టి దాని వివరాలు కూడా చదవండి. పెద్దవాళ్లు మన మీద నమ్మకంతో కంచం ముందు కూర్చుంటారు. ఈ వివరాలు చూసుకోవడం మన బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను.

కారం విషయానికి వస్తే, సన్నగా తరిగిన పచ్చిమిరపకాయ ఒకటి ఉల్లిపాయతో పాటు వేయించితే సరిపోతుంది. ఆవాలు, జీలకర్ర, కరివేపాకు పోపు మాత్రం పెట్టకండి. పోపు పెట్టిన స్క్వాష్ కూర కావాలనుకున్న రోజున అదే విడిగా, శుభ్రంగా చేసుకోవచ్చు. దీన్ని దీని రుచితోనే తినాలి.

ఆల్ఫారెట్టా_గృహిణి

ముగ్గురికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. మేయొనైజ్ సంగతి, చేదు కాయ సంగతి చెప్పి నన్ను ముందే హెచ్చరించారు. అందరికీ కలిపి వైట్ సాస్ పద్ధతిలోనే ఒకే డిష్ చేయాలని నిర్ణయించుకున్నాను. ఇంకొక్క సందేహం మిగిలింది. ఆదివారం కొంత పని ముగించుకుని సోమవారం సాయంత్రం ఓవెన్‌లో పెట్టవచ్చా? మిగిలినది ఎన్నాళ్లు ఉంటుంది? పక్కన ఏం వడ్డిస్తే బాగుంటుందో కూడా చెప్పండి.

సమాధానం 4: మేకన్_నివాసి

తప్పకుండా పెట్టవచ్చు. స్క్వాష్ మగ్గించి, వైట్ సాస్‌తో కలిపి, డిష్‌లో పరిచి, మూత వేసి ఫ్రిజ్‌లో ఉంచండి. ఒక రోజు వరకు ఏమీ కాదు. క్రాకర్లు మాత్రం ముందుగా చల్లకండి, రాత్రికి రాత్రి తడి పీల్చుకుని మెత్తబడిపోతాయి. వాటిని నలిపి ఒక డబ్బాలో విడిగా పెట్టుకుని, ఓవెన్‌లో పెట్టబోయే ముందు వెన్న పట్టించి చల్లండి. ఇంకొక హెచ్చరిక: ఫ్రిజ్‌లో చల్లబడిన గాజు డిష్‌ను కాగిన ఓవెన్‌లో తిన్నగా పెడితే పగిలే ప్రమాదం ఉంది. ఇంటికి రాగానే డిష్‌ను బయటపెట్టి, ఓవెన్ కాగేలోగా చలి విరగనివ్వండి, లేదా మొదటి నుంచీ లోహపు పళ్లెం వాడండి. చల్లటి మిశ్రమం కాబట్టి పది, పదిహేను నిమిషాలు ఎక్కువ పడుతుంది; పైభాగం ముందే ఎర్రబడుతుంటే ఫాయిల్ కాగితాన్ని బిగించకుండా పైన వదులుగా కప్పండి, బిగించి కప్పితే ఆవిరికి క్రాకర్లు మెత్తబడతాయి.

మిగిలినదాన్ని రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెడితే మూడు, నాలుగు రోజులు ఉంటుంది. మళ్లీ వేడి చేసేటప్పుడు నడిమధ్య 165 డిగ్రీల ఫారెన్‌హీట్ రావాలి. మైక్రోవేవ్‌లో పైపొర సాగుతుంది, చిన్న టోస్టర్ ఓవెన్ ఉంటే అందులో పెట్టండి. ఎప్పుడైనా గుడ్డు వేసి చేస్తే మొదటిసారి ఓవెన్‌లోనే నడిమధ్య 160 డిగ్రీలు వచ్చిందో లేదో చూసుకోవాలి.

పక్కవంటల మాటకు వస్తే, ఇక్కడివాళ్లు దీన్ని ఉడికించిన పింటో బీన్స్, మొక్కజొన్న రొట్టె, వేసవిలో అయితే చక్రాలుగా కోసిన టమాటా ముక్కలతో తింటారు. ఆ మూడింటిలోనూ మాంసం లేకుండా చేసుకోవచ్చు కాబట్టి మీ ఇంటికి అదే మంచి భోజనం అవుతుంది. కాకపోతే ఇక్కడి వంటల్లో బీన్స్‌ను పంది మాంసం ముక్కతో ఉడికించడం అలవాటు, అందుచేత బీన్స్ ఇంట్లోనే ఉడికించుకోండి. పెద్దవాళ్లకు అన్నం ఉండాలంటే ముద్దపప్పు, నెయ్యి పక్కన ఇది బాగుంటుంది. పులుసు, చారు ఉన్న రోజున మాత్రం పెట్టవద్దు, ఆ పులుపు ముందు చీజ్, పాల కమ్మదనం నిలవదు.

ఓవెన్ నుంచి తీయగానే వడ్డించకుండా పది నిమిషాలు ఆగండి. అప్పటికి సాస్ గట్టిపడి, గరిటెతో తీస్తే ముక్క విడిపోకుండా వస్తుంది, పిల్లల నోరు కూడా కాలదు.